మా ఇంట్లో శాంటా ఆఖరి మూడేళ్లు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లకు డిసెంబరులో వెళ్తే ఒక సంగతి కనిపిస్తుంది. దీపావళికి కట్టిన లైట్లు ఎవరూ విప్పరు. అవే థాంక్స్‌గివింగ్ దాటి, క్రిస్మస్ దాటి, సంక్రాంతి దాకా వెలుగుతూ ఉంటాయి. దసరాకు బొమ్మల కొలువు పెట్టిన మూలలోనే ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు లేస్తుంది. ప్లేనోలో ఇల్లు కొన్న ఏడాది మేమూ అదే చేశాం. చెట్టు వరకు నాకే ఇబ్బందీ లేదు. చెట్టు కింద బహుమతులు ఎవరు పెట్టారు అన్న దగ్గరే కథ మొదలైంది.

శాంటాను మా ఇంటికి తెచ్చింది మేము కాదు, డేకేర్. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఒక సాయంత్రం ఇంటికి వచ్చీ రాగానే, "శాంటా నాకేం తెస్తాడు?" అని అడిగింది. తెస్తాడా అని కాదు, ఏం తెస్తాడు అని. తెచ్చే సంగతి అప్పటికే ఖాయమైపోయింది. మా ఆయన నా మొహం చూసి, "నువ్వేం అడిగితే అదే తెస్తాడు నాన్నా" అనేశారు. ఆ ఒక్క మాటతో ఇద్దరం నాటకంలో వేషగాళ్లమైపోయాం.

నేను తెనాలిలో మిషనరీ స్కూల్లో చదువుకున్నాను. క్రిస్మస్ తాత నాకేం కొత్త కాదు. సెలవులిచ్చే ముందు రోజు మా డ్రిల్లు సారు ఎర్ర అంగీ వేసుకుని, మొహానికి దూది అంటించుకుని వచ్చి చాక్లెట్లు విసిరేవారు. చర్చి వాళ్ల క్యారల్స్ బృందం రాత్రిపూట మా వీధిలోకి వచ్చినా, ముందు ప్లాస్టిక్ మాస్కు పెట్టుకున్న తాత ఎగురుతూ ఉండేవాడు. మాస్కు వెనక ఎవరున్నారో చెప్పుల్ని బట్టి కనిపెట్టడమే మా ఆట. "డ్రిల్లు సారే, డ్రిల్లు సారే" అని ఆయన ముందే అరిచేవాళ్లం, ఆయనా నవ్వేవారు. నిజంగా ఎక్కడో ఒక తాత ఉన్నాడని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అనుకోలేదు. అందుకే నమ్మకం పోవడం ఎలా ఉంటుందో నా చిన్నతనంలో నాకు తెలియదు. దాన్ని మా అమ్మాయిలో చూశాను.

ఇక్కడ పద్ధతి వేరు. పిల్లలు నిజంగా నమ్మాలి, నమ్మించే పూచీ పెద్దలది. అందులో తల్లిదండ్రులే కాదు, ప్రభుత్వం కూడా చేయి వేస్తుంది. పోస్టాఫీసుకు శాంటా అడ్రసు ఉంది: 123 ఎల్ఫ్ రోడ్, నార్త్ పోల్, 88888. శాంటా పేరున వచ్చే ఉత్తరాలకు ఉద్యోగులు జవాబులు రాయవచ్చని 1912లోనే అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ ఫ్రాంక్ హిచ్‌కాక్ అనుమతిచ్చారు. ఇప్పుడైతే ఎవరైనా ఆ ఉత్తరాల్లోంచి ఒకటి ఎంచుకుని, రాసిన పిల్లలకు బహుమతి పంపవచ్చు. అది చాలదన్నట్టు సైన్యం కూడా ఉంది. అమెరికా, కెనడాల గగనతలాన్ని కాపలా కాసే నోరాడ్, క్రిస్మస్ ముందు రాత్రి శాంటా బండి ఏ దేశం మీద ఉందో మ్యాపులో చూపిస్తుంది. ఫోన్ చేస్తే మనుషులు ఎత్తి చెబుతారు. 1955లో కొలరాడో స్ప్రింగ్స్‌లో సియర్స్ దుకాణం "శాంటాకు ఫోన్ చేయండి" అని పేపర్లో ప్రకటన వేసింది. నంబరు తప్పు పడిందో, పిల్లలే తప్పు తిప్పారో గానీ, ఫోన్ వెళ్లి వైమానిక రక్షణ కేంద్రంలో మోగింది. సోవియట్ విమానాల మీద కన్నేసి కూర్చునే చోటు అది. అక్కడి కల్నల్ హ్యారీ షూప్ ఆట అందుకున్నారు. 1958లో నోరాడ్ ఏర్పడ్డాక ఆ ఆట దాని చేతికి వచ్చింది, నేటికీ నడుస్తోంది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, శాంటాను నమ్మే పిల్లలు అమాయకులని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. అమ్మ ఉన్నాడంటోంది, టీచరు ఉన్నాడంటోంది, పోస్టాఫీసు అడ్రసు ఇస్తోంది, సైన్యం రాడార్‌లో కనబడ్డాడంటోంది. రాత్రి ఆయన కోసం పెట్టిన కుకీ పొద్దున లేచేసరికి సగం కొరికి ఉంది. ఇంత సాక్ష్యం ఉన్నాక నమ్మకపోతేనే వింత. నమ్మడానికి ఏ తెలివి వాడిందో, నమ్మకం మానడానికీ మా అమ్మాయి అదే తెలివి వాడింది.

మొదటి చిక్కు కిండర్‌గార్టెన్‌లో వచ్చింది. మాల్‌లో ఒక శాంటా, లైబ్రరీలో ఒక శాంటా, మా తెలుగు సంఘం క్రిస్మస్ పార్టీలో ఇంకో శాంటా. మూడో ఆయన మా అమ్మాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "బాగున్నావా తల్లీ, అన్నం బాగా తింటున్నావా?" అని అడిగారు. నాకు గుండె ఆగినంత పనైంది, దొరికిపోయామనుకున్నాను. మా అమ్మాయి మాత్రం కారెక్కగానే, "అమ్మా, శాంటాకు తెలుగు వచ్చు!" అని మురిసిపోయింది. ప్రపంచంలో పిల్లలందరి ఉత్తరాలూ చదివేవాడికి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది? దాని లెక్కలో అది అనుమానం కాదు, రుజువు.

కొన్ని వారాలకే గుడిలో ప్రసాదం లైన్లో అదే గొంతు వినబడింది. పంచె కట్టుకుని పులిహోర వడ్డిస్తున్న అంకుల్‌ని అది కాసేపు తేరిపార చూసింది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి పడుకునే ముందు తనే తేల్చింది: అసలు శాంటా నార్త్ పోల్‌లోనే ఉంటాడట, డిసెంబరులో పని ఎక్కువ కాబట్టి ఊరికొకరిని హెల్పర్‌గా పెట్టుకుంటాడట. ఈ సిద్ధాంతం మేము చెప్పింది కాదు. ఒక సాక్ష్యం ఎదురు తిరిగితే పిల్లలు నమ్మకాన్ని వెంటనే పారేయరు, మాసిక వేసుకుంటారు. ఆ తర్వాత రెండేళ్లలో మా అమ్మాయి వేసిన మాసికలు చూస్తే, పెద్దయ్యాక లాయరవుతుందేమో అనిపించింది.

శాంటా చిమ్నీలోంచి ఇంట్లోకి దిగుతాడంటారు కదా, ఆ సంగతీ అంతే. టెక్సస్‌లో మా ఇంటి ఫైర్‌ప్లేస్ గ్యాస్‌ది. ముందు అద్దం బిగించి ఉంటుంది, లోపల ఉన్నవి ఉత్తుత్తి దుంగలు. పిల్లి కూడా దిగలేదు. మరి ఆయనెలా దిగుతాడని ఒకసారి అడిగింది. "మ్యాజిక్" అన్నారు మా ఆయన. "ఓకే" అంది. మంచు లేని డాలస్‌లో, రైన్‌డీర్లు లాగే ఆయన మంచు బండి ఎలా నడుస్తుంది? మ్యాజిక్. ఒక్క రాత్రిలో ప్రపంచమంతా ఎలా తిరుగుతాడు? అదీ మ్యాజిక్కే. ఇంజనీర్లం కదా, ఆ ప్రశ్నలకే మేం ఎక్కువ భయపడ్డాం. తీరా చూస్తే, దానికి ఎగిరే రైన్‌డీర్లతో ఏ పేచీ లేదు.

పేచీ తెనాలితో వచ్చింది.

అది ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పటి మాట. ఇక్కడ క్రిస్మస్ ముందు రాత్రి తొమ్మిదైతే అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. మా బావగారి అబ్బాయి, అంటే దానికి అన్నయ్య, ఏడాదే పెద్ద. వీడియో కాల్‌లో ఇది ఆత్రంగా, "అన్నయ్యా, నీకు అప్పుడే క్రిస్మస్ వచ్చేసింది కదా, శాంటా ఏం తెచ్చాడు?" అని అడిగింది. వాడు ఇడ్లీ తింటూ, "ఏం తేలేదు, మా ఇంటికి రాడుగా" అన్నాడు. వాడికి దాంట్లో బాధేమీ లేదు. ఆ రోజు సెలవు, మధ్యాహ్నం క్రికెట్ ఉంది, అంతవరకే వాడికి క్రిస్మస్. మా అమ్మాయి మొహం మాత్రం వాడిపోయింది.

ఆ తర్వాత ప్రశ్నల తీరే మారిపోయింది. ఎలా వస్తాడు అన్నది పోయి, ఎవరింటికి వస్తాడు, ఎవరింటికి రాడు అన్నది పట్టుకుంది. అన్నయ్య మంచివాడే కదా, మరి ఎందుకు రాడు? నోరాడ్ మ్యాపులో శాంటా ఇండియా మీదుగా వెళ్లాడు కదా, మరి ఆగలేదా? క్లాసులో ఒకడికి ఐప్యాడ్ వచ్చింది, ఇంకొకడికి సాక్సులూ పుస్తకమూ వచ్చాయి, రెండోవాడు ఎవరినీ కొట్టడే, మరి? మా ఆయన ఇక్కడ కూడా మ్యాజిక్ అనబోయి ఆగిపోయారు. ఎగరడానికి పనికొచ్చిన మ్యాజిక్ న్యాయానికి పనికిరాదు. మంచి పిల్లలకే ఇస్తాడు, అల్లరి పిల్లల పేర్లు 'నాటీ లిస్టు'లో రాసుకుంటాడు అనే షరతు పెట్టింది పెద్దవాళ్లే. ఆ షరతే శాంటా కాళ్లకు అడ్డం పడుతుంది. ఏమీ ఆశించకుండా తిరిగే తాత అయితే ఇంకో రెండేళ్లు బతికేవాడేమో.

మరుసటి ఏడాది మా అత్తయ్య వచ్చారు. వేసవిలో దిగి చలికాలం దాకా ఉన్నారు, కాబట్టి పండుగల వరస మొత్తం ఆవిడ చేతుల మీదుగా నడిచింది. కృష్ణాష్టమికి వాకిట్లోంచి పూజగది దాకా కృష్ణుడి పాదాలు వేయాలి కదా. ఆవిడ బియ్యప్పిండి తడిపి, గిన్నె మనవరాలి ముందు పెట్టి, పిడికిలి అంచు ముంచి నేల మీద అద్దమన్నారు. వేళ్ల కొసలతో అయిదు చుక్కలు పెట్టించారు. పాదాలన్నీ మా అమ్మాయే వేసింది. పూర్తయ్యాక వెనక్కి తిరిగి చూసుకుని, "కృష్ణుడు వచ్చేశాడు" అంది. పాదాలు వేసింది తానేనని తెలుసు, కృష్ణుడు వచ్చాడనీ తెలుసు. దానికి రెండింటికీ మధ్య ఏ తగువూ కనిపించలేదు.

వినాయక చవితికి ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టినప్పుడు అడగనే అడిగింది, "నానమ్మా, వినాయకుడు నిజంగా తింటాడా?" అని. నేను వంటింట్లో చెవులు రిక్కించాను. ఆవిడ తడుముకోలేదు. "తిన్నాడని ఎవరన్నారే? ఆయన చూస్తాడు, మనం తింటాం. ఆయనే తినేస్తే నీకేం మిగులుతాయి?" అన్నారు. అంతటితో అయిపోయింది.

డిసెంబరు 24 రాత్రి మేము పాలు, కుకీలు, రైన్‌డీర్లకు క్యారెట్ బల్ల మీద పెడుతుంటే అత్తయ్య అనుమానంగా చూశారు. నైవేద్యమా అని అడిగారు. కాదు, శాంటాకు అన్నాను. పిల్లలు పడుకున్నాక మా ఆయన కుకీ కొరికి, పొడి రాల్చి, క్యారెట్ మీద పంటిగాట్లు పెడుతుంటే ఆవిడ సోఫాలో కూర్చుని వింతగా చూస్తూ ఉండిపోయారు. చివరికి, "ఒరేయ్, డబ్బు పెట్టి కొనేది మీరు, అర్ధరాత్రి మేలుకునేది మీరు, పేరేమో ఆయనకా? పైగా దొంగసాక్ష్యాలు కూడానా!" అన్నారు. మా ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ మాట నాతో మాత్రం ఉండిపోయింది. శాంటాకూ మన దేవుళ్లకూ పోలిక తేవడం నాకిష్టం లేదు, అది వేరు, ఇది వేరు. కానీ నైవేద్యాన్ని రాత్రిపూట ఎవరూ కొరికిపెట్టరు. పాదాలు పిల్లచేతే వేయిస్తారు. ఆ పద్ధతే నాకు నచ్చుతుంది.

ఆ తర్వాతి ఏడాది, థర్డ్ గ్రేడ్‌లో, మా అమ్మాయి మాకు పరీక్ష పెట్టింది. పరీక్ష అని మాకు తర్వాత తెలిసింది. ఈసారి శాంటా ఉత్తరం మాకు చూపించనంది. తనే రాసి, కవరు అంటించి, నాన్న చేతికిచ్చి పోస్ట్‌లో వేయమంది. ఆయన ఆ కవరు గరాజ్‌లోకి పట్టుకెళ్లి, టీ కెటిల్ ఆవిరి మీద పెట్టి విప్పారు. లోపల ఒకే వాక్యం: "డియర్ శాంటా, నాకేం కావాలో నీకు తెలుసు కదా."

ఆ డిసెంబరంతా మా ఇంట్లో టెన్షనే. తమ్ముడిని అడిగించాం, స్నేహితురాలి తల్లిని అడిగాను, టీవీలో ఏ ప్రకటన దగ్గర ఆగుతోందో చూశాం. ఏమీ దొరకలేదు. చివరికి లెగో పెద్ద సెట్టు ఒకటి కొన్నాం. క్రిస్మస్ పొద్దున అది కాగితం చించి చూసి, "థాంక్యూ శాంటా!" అని కాస్త గట్టిగానే అంది. మామూలుగా అనే దానికన్నా గట్టిగా. నాకు అప్పుడే తేడా కొట్టింది. నటిస్తున్నట్టుంది. కానీ నటిస్తున్నవాళ్లం మేమే కదా, ఇంకొకరు నటిస్తే ఎలా పట్టుకుంటాం?

ఆ సెలవుల్లోనే కూర్చుని కొంత చదివాను. నా భయమల్లా ఒకటే: తెలిసిన రోజున, అమ్మానాన్నా ఇన్నేళ్లు అబద్ధం చెప్పారని మనసు విరుచుకుంటుందా? ఈ విషయం మీద కొంత పరిశోధన మా టెక్సస్‌లోనే జరిగింది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీలో నార్మన్ ప్రెంటిస్ బృందం 1978లో పిల్లలను అడిగితే, నాలుగేళ్ల వాళ్లలో 85 శాతం మంది శాంటాను నమ్మారు, ఆరేళ్ల వాళ్లలో 65 శాతం, ఎనిమిదేళ్లకు వచ్చేసరికి 25 శాతం. 1994లో కార్ల్ ఆండర్సన్‌తో కలిసి ఆయనే, నమ్మకం మానేసిన 52 మంది పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను అడిగారు. పిల్లలు ఎక్కువగా తమంతట తామే, ఏడేళ్లప్పుడు, కనిపెట్టారట. తెలిసినందుకు వాళ్లకు సంతోషమే ఎక్కువట. దిగులు పడింది తల్లిదండ్రులట! ఇక మా ఇంటికి కూతవేటు దూరంలో, రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్‌లో, క్యాండిస్ మిల్స్ అనే సైకాలజీ ప్రొఫెసరు ఇదే పనిలో ఉన్నారు. ఆమె బృందం 2024లో వేసిన పేపర్లోనూ నమ్మకం ఒక్కసారిగా కూలదని, అనుమానం కొద్దికొద్దిగా పేరుకుని సుమారు ఎనిమిదేళ్ల వయసుకు తేలుతుందని ఉంది. బాధపడిన పిల్లలూ కొందరున్నారు, కానీ ఎక్కువమందికి అది తొందరగానే పోయింది.

ఆఫీసులో ఒకావిడ నా గొడవ విని, 1897లో న్యూయార్క్ సన్ పత్రికలో వచ్చిన సంపాదకీయం పంపింది. వర్జీనియా ఓహాన్లన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల, శాంటా ఉన్నాడా లేడా నిజం చెప్పండి అని పత్రికకు రాస్తే, ఫ్రాన్సిస్ చర్చ్ అనే రచయిత ఉన్నాడని జవాబు రాశారు. ప్రేమ, ఔదార్యం ఎలా ఉన్నాయో శాంటా అలా ఉన్నాడని. అమెరికాలో దాన్ని నూరేళ్లకు పైగా తలచుకుంటూనే ఉన్నారు. చాలా అందంగా రాశారు, కాదనను. కానీ పిల్ల అడిగిన ప్రశ్నకు అది జవాబా? మా అమ్మాయి అయితే మధ్యలోనే ఆపి, "అంటే లేడనేగా?" అనేది.

అన్నట్టే జరిగింది. నాలుగో గ్రేడ్‌లో, నవంబరులో, డాన్స్ క్లాసు నుంచి తీసుకొస్తున్నాను. బుష్ టర్న్‌పైక్ మీద ట్రాఫిక్ కదలడం లేదు. వెనక సీట్లోంచి, "అమ్మా, శాంటా నువ్వూ నాన్నేనా?" అంది. ఇలా అడిగినప్పుడు వెంటనే చెప్పేయకుండా ముందు వాళ్ల మనసులో ఏముందో కనుక్కోవాలని ఎక్కడో చదివాను కదా, అదే చేశాను. "నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"నాకేమనిపిస్తోందో నాకు తెలుసు. నేనడిగింది నిజం."

"అవును, మేమే."

"తెలుసు."

అంత సాదాగా అంది. ఎప్పటినుంచి అని అడిగితే, సెకండ్ గ్రేడ్ నుంచీ అనుమానమేనని, థర్డ్ గ్రేడ్‌లో రూఢి అయిందని చెప్పింది. స్కూల్ బస్సులో పెద్ద పిల్లలు అంతకుముందే అన్నారట గానీ, వాళ్లు అన్నీ అబద్ధాలే చెబుతారు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదట. తన సాక్ష్యాలు తనే కూడబెట్టుకుంది. ఆ కవరు అంచు మీద కనీకనిపించకుండా ఒక మెరుపుల స్టికర్ అంటించిందట. మర్నాడు గరాజ్‌లో కెటిల్ పక్కన నేల మీద ఆ స్టికర్ దొరికింది. శాంటా రాసిన జవాబుల్లో కలర్ అన్న మాటకు యు అక్షరం ఉందట. ఇక్కడ స్కూల్లో ఎవరూ ఆ యు పెట్టరు, ఇంట్లో నేనొక్కదాన్నే పెడతాను. ఇక కుకీలు. ప్రతి ఏడాదీ శాంటా చాక్లెట్ కుకీ కొరికి, కిస్మిస్ కుకీ ముట్టుకోకుండా వదిలేసేవాడట. "నాన్న పాయసంలో కిస్మిస్‌లు కూడా అలాగే ఏరి పక్కన పెడతారు కదమ్మా" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

మరి తెలిసి కూడా ఏడాదిపాటు ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు చెప్పింది. చెప్పేస్తే గిఫ్టులు ఆగిపోతాయేమోనన్నది ఒకటి. రెండోది, నాన్న బాధపడతారని. కెటిల్ పెట్టి మరీ కవరు విప్పిన మనిషి మనసు కష్టపెట్టడం ఇష్టం లేకపోయిందట. ఆ లెగో గురించి అడిగాను, నిజంగా ఏం కోరుకుందని. ఏమీ కోరుకోలేదట. మేమేం చేస్తామో చూద్దామని అంతే.

దేవుళ్ల సంగతి కూడా అడుగుతుందని సిద్ధంగా ఉన్నాను. వరసగా అడుగుతుందనుకున్నాను: పాలపన్నుకు డాలరు పెట్టే టూత్ ఫెయిరీ, తర్వాత వినాయకుడు. టూత్ ఫెయిరీని అడిగింది, అదీ మేమేనన్నాను, తల ఊపింది. వినాయకుడి జోలికి వెళ్లలేదు. ఆ లెక్క నానమ్మ దగ్గర ఎప్పుడో తేలిపోయినట్టుంది.

కోపం వచ్చింది మాత్రం ఇంకోచోట. ఎగ్జిట్ దగ్గరకు వచ్చేసరికి గొంతు మారింది. "తెనాలి అన్నయ్యకు శాంటా ఏమీ తేలేదన్నప్పుడు, వాడు నాటీ లిస్టులో ఉన్నాడేమో అనుకున్నాను. చాలా రోజులు అలాగే అనుకున్నాను. మీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?" అంది. పరిశోధన పత్రాల్లో దీనికి జవాబు వెతికినా దొరకదు. మేము అబద్ధం చెప్పామని దానికి కోపం లేదు. ఆ అబద్ధం వల్ల, ఏ పాపమూ ఎరగని అన్నయ్య మీద మనసులో ఒక మచ్చ వేసుకుంది, అదీ కోపం. ఇంటికి వెళ్లగానే నాన్నను పట్టుకుని, ఈ క్రిస్మస్‌కు వాడికి శాంటా పేరుతో క్రికెట్ బ్యాటు పంపాల్సిందేనంది. పంపాం. వాడు ఫోన్ చేసి, "బాబాయ్, బ్యాటు బాగుంది. బిల్లు మీద మీ పేరే ఉంది, శాంటా అని ఎందుకు రాయించారు?" అని అడిగాడు.

మా ఆయన మాత్రం పరిశోధకులు చెప్పినట్టే దిగులు పడ్డారు. ఆ రాత్రి, "మొత్తం తెలిసిపోయిందా? కొంచెం కూడా మిగల్లేదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. మా అమ్మాయి వెళ్లి ఆయన పక్కన కూర్చుని, తమ్ముడింకా నమ్ముతున్నాడు కదా నాన్నా అని ఓదార్చింది. నాకు తెలిసిన చాలామంది ఇళ్లలోనూ వరస ఇదే. పిల్ల ముందు బయటపడుతుంది, నాన్న ఆఖరున.

తమ్ముడికి అయిదేళ్లు. ఇప్పుడు వాడి శాంటా శాఖ మొత్తం అక్కదే. మొదట మా పనితనంలోని లోపాలన్నీ సరిదిద్దింది. శాంటా ఉత్తరాలు ఇకనుంచి నేను రాయకూడదు, తను ఎడమచేత్తో రాస్తుంది, యు లేకుండా. శాంటా గిఫ్టులకు వేరే ర్యాపింగ్ కాగితం, అది అటక మీదే ఉండాలి, మా గిఫ్టుల కాగితంతో కలవకూడదు. నాన్న ఇష్టం లేకపోయినా కిస్మిస్ కుకీ కూడా ఒక ముక్క కొరకాలి. క్యారెట్ కొరికే పని మాత్రం మా ఆయన వదల్లేదు, అదొక్కటి తనకే ఉంచమని బతిమాలారు. స్కూల్లో ఎవరికీ చెప్పకూడదని మేము జాగ్రత్త చెప్పబోతే, "అది చెప్పకూడదమ్మా, ఎవరిది వాళ్లే కనుక్కోవాలి" అని మాకే చెప్పింది.

ఒక్క విషయంలో మాత్రం మాతో గట్టిగా పేచీ పెట్టుకుంది. అల్లరి చేస్తే శాంటా రాడని తమ్ముడిని బెదిరించడానికి వీల్లేదంది. పెద్ద గిఫ్టులు అమ్మానాన్నల పేరుతో ఇవ్వాలి, శాంటా ఇచ్చేది చిన్నదిగా ఉండాలి, లేకపోతే క్లాసులో సాక్సులొచ్చిన పిల్లాడు బాధపడతాడంది. ఆ రెండు షరతులకూ ఒప్పుకున్నాం. నాటీ లిస్టు అన్న మాట మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అనరు.

ఈ డిసెంబరులో తమ్ముడు కుక్కపిల్ల కావాలని రాశాడు. జవాబు రాయాల్సింది అక్కే కాబట్టి రెండు రోజులు ఆలోచించి, ప్రాణమున్న వాటిని బండిలో తేకూడదని నార్త్ పోల్‌లో రూలుందని రాసింది. వాడు ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "మరి రైన్‌డీర్లకు ప్రాణం లేదా?" అన్నాడు.

అక్క నా వంక చూసింది. ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్లు అంది, వాడు అటు వెళ్లాక. తన లిస్టు మాత్రం ఈసారి నేరుగా నాన్న ఫోన్‌కే పంపింది, అమెజాన్ లింకులతో సహా.